ఫ అడుగు గీత

ముత్తుకూరు దగ్గర మా పల్లెలో ముప్పై ఏళ్లుగా గోడల మీద అక్షరాలు రాస్తున్నవాడు గిద్యోను. ఒకప్పుడు పడవల పేర్లకీ, రొయ్యల మేత గోదాములకీ, ఎన్నికలకీ ఆయన కుంచే దిక్కు. ఫ్లెక్సీలు వచ్చాక ఒక్కో గోడా చేజారింది. మిగిలింది చర్చి గోడ ఒక్కటే. ఏటా గుడ్ ఫ్రైడే ముందు దాని మీద ‘శ్రమల వారం కూడికలు’ అని రాస్తాడు.

ఈ ఏడు కొత్త పాస్టరుగారు, కుర్రకారుకి నచ్చుతుందని, దాన్నే ఇంగ్లీషులో ‘ప్యాషన్ వీక్’ అని రాయమన్నారు. గిద్యోను ఆ మాటను చదివి ఎరగడు, విని ఎరుగును. ఆ పేరున్న మోటారు సైకిలుని మా ఊళ్లో అందరూ ఫ్యాషన్ బండి అంటారు. మూరెడేసి ఎర్ర అక్షరాలతో ‘ఫ్యాషన్ వీక్’ అని రాసి, అన్నానికి ఇంటికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి గోడ ముందు జనం. “గిద్యోనన్నా, అయితే ఆ వారం పట్టుచీర కట్టుకోనా?” అని ఎలిశబెతక్క అడిగింది. అందరూ నవ్వారు. సంఘం కార్యదర్శి టైటస్ మాత్రం నవ్వలేదు. నెల్లూరులో ఫ్లెక్సీ వేయిస్తానని, ఇక ఏటా అదేనని చెప్పాడు. గిద్యోను ఒక్క గంట అడిగి, నన్ను పక్కకి పిలిచాడు. ఊళ్లో డిక్షనరీ ఉన్నది నా దగ్గరే.

“అబ్బయా, ఆ మాటకి అర్థమేంది? తెలీకుండా రాసినాను, అందుకే తప్పు పడింది.”

తెలిసింది చెప్పాను. బాధపడటం, ఓర్చుకోవడం అనే పాత లాటిన్ మాట దాని మూలం. ఆసుపత్రిలో పేషెంటు కూడా దాని తోబుట్టువే. మొదట క్రీస్తు సిలువ బాధకి ఆ పేరు. తర్వాత మనిషిని ఊపేసే ప్రేమనీ, కోపాన్నీ కూడా అలాగే అన్నారు. ఇప్పుడు పిచ్చి ఇష్టానికి వాడుతున్నారు. జీతం తక్కువున్న ఉద్యోగాల ప్రకటనల్లో మరీ ఎక్కువ.

“అంటే శ్రమే గదా,” అన్నాడు గిద్యోను.

నిజానికి శ్రమ అంతకన్నా ఎక్కువే. మన మాటలో బాధతో పాటు కాయకష్టం కూడా ఉంది. ఇంగ్లీషు మాటలో అది లేదు.

ఫ అడుగున గీత చెరిపి ప చేస్తే పని అయిపోయేది. ఆయన కిరసనాయిలు గుడ్డతో రెండు మాటలూ తుడిచేసి, పైన తెల్లరంగు వేశాడు. ఇంకా గులాబి ఛాయ కనబడుతూనే ఉంది. దాని మీదే ‘శ్రమల వారం’ అని రాశాడు.

“పాస్టరుగారు చెప్పింది ఇది కాదు గదా,” అన్నాడు టైటస్.

“ఇదీ అదే, అన్నా. తెలుగులో రాసినాను.”

టైటస్ నా వైపు చూశాడు. నేను అవునన్నాను. ఆయన ఫ్లెక్సీ షాపుకి ఫోన్ చేసి, ఈ ఏటికి వద్దులే అన్నాడు.

ఆ ‘ఈ ఏటికి’ గిద్యోనుకి వినబడింది. గోడ నీడన కూర్చుని, వచ్చే ఏటి దాకా గట్టిపడకుండా కుంచెని నిదానంగా కడగడం మొదలుపెట్టాడు.