సొరబుర్ర కట్టుకొని నేర్చిన ఈత

నిన్న మనవరాలు నన్ను నంద్యాల చెరువు పక్కనున్న పార్కుకు తీసుకెళ్లింది. పడవెక్కే పిల్లలకు నారింజ రంగు జాకెట్లు తొడుగుతుంటే, నా వీపుకు ఎండు సొరబుర్ర గరగరా ఒరుసుకున్నట్టే అనిపించింది. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాది. ఈత నేర్చుకునేటప్పుడు మన వీపున కట్టింది దాన్నే గదా!

అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. ఆదివారం వస్తే క్యారియర్లో చిత్రాన్నం పెట్టుకొని అందరం చెరువుకట్టకు పోయేవాళ్లం. నాయన నాకు ఈత నేర్పుతానంటే అవ్వ ఒప్పుకోలేదు.

"ఆడపిల్లకు ఈతేందిరా?"

"నీళ్లకు ఆడామగా తెలుస్తాదామ్మా?" అన్నాడు నాయన, నా వీపున సొరబుర్ర కడతా.

నాలుగో ఆదివారం తాడు జారి, బుర్ర నన్నొదిలి తేలిపోయింది. నేను మునిగాను. ముక్కులోకి నీళ్లు పోయినాయి. పైకొచ్చేసరికి కట్ట మీద అవ్వ కేకలు పెడతాంది. నాయన చెయ్యి చాపితే అందేంత దగ్గర్లోనే ఉన్నాడు గానీ నన్ను పట్టుకోలేదు.

"నేనీడనే ఉండా. కాళ్లాడించు పాపా!"

ఆడించాను. ఆయన గట్టు వైపు జరిగేకొద్దీ నేనూ ఆయన వెంటే పోయినా. కాళ్లకు నేల తగిలినాక గానీ ఈదానని నాకు తెలియలేదు.

అవ్వ నన్ను చెంగుతో తుడుస్తూ నాయనను తిట్టని తిట్టు లేదు. వారమంతా ఆయనతో మాట్లాడలేదు. మళ్లీ ఆదివారం మాత్రం ఎదురింటి పిల్లను చెయ్యి పట్టుకొని తానే కట్టకు తీసుకొచ్చింది.

"దీనికి గూడా నేర్పురా. ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరు ఉంటారా ఏంది?"

ఆ ఎండాకాలం అయిపోయేలోగా మా వీధిలో ఈత రాని ఆడపిల్ల లేదు.