ఫల్గుణకు మిగిలిన కన్ను

సోని కన్నతండ్రి చెయ్యి రోకలితో విరగ్గొట్టిందని అరకు సంతలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, నాకేం! ఎందుకు కొట్టిందో చెప్పేవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ మాట నేను చెబుతాను.

సోని అరకులోయలో ఒక చిన్న కంటి కేంద్రంలో పనిచేస్తుంది. పుట్టి పెరిగింది కొండమీద ఊళ్లో. తండ్రి గాసి ఆ ఊరి దిశారి. ముహూర్తం పెట్టాలన్నా, మంత్రం వేయాలన్నా, ఆకు పసరు పోయాలన్నా ఆయనే. తమ్ముడు ఫల్గుణకి చిన్నప్పుడు ఎడమ కంట్లో ముల్లు దిగితే, గాసి రెండు వేళ్లతో లాగేసి పసరు పిండాడు. కన్ను చీముపట్టి ముడుచుకుపోయింది. "దేవత తీసుకుంది" అన్నాడు గాసి. ఊరంతా తలూపింది. సోని కూడా ఊపింది. పాపం, అప్పటికి ఆమెకేం తెలుసని!

తెలిసింది విశాఖపట్నంలో. అక్కడి ఒక కంటాసుపత్రికీ నార్వేలోని ఒక ఆసుపత్రికీ పొత్తు కుదిరింది. మన డాక్టర్లు అక్కడికెళ్లి సన్నకుట్లు నేర్చుకుంటారు. వాళ్లు ఇక్కడికొచ్చి జన్మలో చూడని గాయాలు చూస్తారు. ఎద్దుకొమ్ము, కొడవలి, బాణం వాళ్లకెక్కడివి? కొండల్లో పనిచేసేవాళ్లని కూడా ఆ శిక్షణలో కూర్చోబెట్టారు. ఇంగ్రిడ్ అనే డాక్టరమ్మ కోసిన మేక కంట్లో ముల్లు గుచ్చి సోని ముందు పెట్టి, ఏం చేస్తావో చెయ్యమంది. సోని తండ్రి లాగినట్టే లాగింది. కంట్లోని జిగటంతా బల్లమీద కారింది.

"గుచ్చుకున్నది తియ్యకూడదు, కడగకూడదు, నొక్కకూడదు. పైన గట్టి మూత కట్టి బేగి పంపాలి, అంతే" అని పక్కనున్న డాక్టర్ లావణ్య తెలుగులో చెప్పింది. తమ్ముడి కన్ను ఏ దేవత తీసుకుందో సోనికి అర్థమైపోయింది. ఇంటికెళ్లాక మాత్రం తండ్రితో ఆ మాట అనలేకపోయింది.

చైత్రంలో ఇటుకల పండగ, అదే కొండవాళ్ల వేట పండగ, వచ్చింది. పండగన్నాళ్లూ మగాళ్లంతా వేటకి పోవాలి. ఉత్తచేతులతో తిరిగొచ్చినవాడిమీద ఆడవాళ్లు పేడనీళ్లు కొడతారు. రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి, వచ్చిన బండినల్లా ఆపి ఆడతారు, పాడతారు. సోని సెలవు పెట్టి ఊరొచ్చింది.

ఆ మధ్యాహ్నం అడవిలో ఒక పంది పడింది. మా బాణానికంటే మా బాణానికని రెండూళ్లవాళ్లు కలబడ్డారు. కర్రలతో మొదలైన గొడవ గొడ్డళ్లదాకా పోయింది. ఒకడి దవడ పగిలింది, ఒకడి చెవి తెగి వేలాడింది. చచ్చిన పందికోసం ఇంత రక్తమా! అంతలో ఎవడో దరిద్రుడు విల్లెక్కుపెట్టి మనుషులమీదకే వదిలాడు. బాణం బండకి తగిలి చీలిపోయింది. ఎగిరిన వెదురుపేడు ఫల్గుణ కుడి కంట్లో దిగింది. వాడికున్న ఆ ఒక్క కంట్లో!

మోసుకొచ్చి అరుగుమీద పడుకోబెట్టారు. పేడు కంట్లోనే నిలబడి ఉంది. "అప్పా, తీసెయ్యే! సచ్చిపోతన్నాను!" అని వాడు అక్కని పిలుస్తూ కాళ్లు కొట్టుకుంటున్నాడు. గాసి పసరు చిప్ప పక్కన పెట్టి, కొడుకు ఛాతీమీద మోకాలు ఆనించాడు.

"అయ్యా, ముట్టుకోకు. తీస్తే కన్ను పోద్ది" అంది సోని.

"ఎల్లెహె! నాకు సెప్పొచ్చావేటి? నీ దొరసాని నేర్పిందా? నా కొడుకు, నా సెయ్యి!"

సోని ఆ చెయ్యి పట్టుకుని లాగింది. గాసి చెంప పగలగొట్టాడు. ఆమె పెదవి చిట్లి రక్తం గడ్డంమీదికి కారింది. ఆమె ఆయన జుట్టు పట్టి వెనక్కి గుంజితే మోచేత్తో కడుపులో పొడిచాడు. ఆయన వేళ్లు మళ్లీ పేడుదాకా వెళ్లాయి. సోని గోడవార ఉన్న రోకలి అందుకుని, ఉన్న బలమంతా పెట్టి ఆ మణికట్టుమీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు వాకిట్లో అందరికీ వినపడింది. కన్నతండ్రిని కొట్టడం పాపమే, కాదనను. కానీ ఆ క్షణాన ఆమెకి తండ్రి కనపడలేదు, ఆ వేళ్లే కనపడ్డాయి.

"ఇంకెవులొస్తారు? రండి!" అని రోకలెత్తి అరిచింది. ఒక్కడూ కదల్లేదు. "ఓలమ్మో, గుంటకి దెయ్యం పట్టిందర్రా!" అని తల్లి అప్పలనర్సమ్మ గుండెలు బాదుకుంది.

సోని తువ్వాలుతో తమ్ముడి చేతులు కట్టేసింది. గట్టి కాగితం కప్పు పేడుకి తగలకుండా బోర్లించి, చుట్టూ గుడ్డ చుట్టింది. ఊళ్లో ధనరాజు బాడుగకి తిప్పే జీపులో వాడిని ఎక్కించింది. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని గాసి కూడా ఎక్కి కూర్చున్నాడు. "కొడుకుని దీని సేతుల్లో ఒగ్గను" అన్నాడు.

పక్క ఊరి దగ్గర రోడ్డుకి అడ్డంగా దుంగ. ఆడవాళ్లు జీపులోకి తొంగిచూశారు. మొహానికి గుడ్డ చుట్టుకుని పడుకున్న మగాడు! పండగనాడు మొహం దాచుకునేది వేట దొరకనివాడే కదా. "ఉత్తసేతులతో వచ్చి మొకం దాసుకున్నాడర్రా, కొట్టండి!" అని కేకలేస్తూ పేడనీళ్ల బాల్చీలు ఎత్తారు. దెబ్బ తగిలిందని సోని అరిచినా ఆ కేకల్లో ఎవరికీ వినపడక, తమ్ముడిమీద బోర్లా పడుకుంది. పేడనీళ్లన్నీ ఆమె వీపున, జుట్టున పడ్డాయి. ఒకామె నవ్వుతూ ఆ గుడ్డ పట్టి లాగబోయింది. సోని ఆమె చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. నవ్వులు పోయి గుద్దులు మొదలయ్యాయి.

ఫల్గుణ పెట్టిన గావుకేకకి గాసి కిందికి దూకాడు. ఆయన మనసేం మారలేదు. కొడుకు అరుపు భరించలేకపోయాడు, అంతే. ఒంటి చేత్తో, భుజంతో, కాలితో దుంగని నెట్టుకుంటూ బూతులు లంకించుకున్నాడు. దిశారిని గుర్తుపట్టి ఆడవాళ్లు వెనక్కి తగ్గారు.

విశాఖలో లావణ్య సూక్ష్మదర్శిని కింద పేడు తీసి కన్ను కుట్టింది. అక్కడ నార్వేలో ఇంగ్రిడ్ తెరమీద చూస్తూ, ప్రతి కుట్టుకీ తోడు నిలిచింది. కట్టు విప్పినరోజు ఫల్గుణ చాలాసేపు కన్ను చికిలించి చూశాడు.

"అప్పా, నీ పెదాలకేటయింది?" అన్నాడు.

సోని నవ్వబోయి ఏడ్చేసింది. వరండాలోకి వెళితే, చేతికి పిండికట్టుతో గాసి బెంచీమీద కూర్చుని ఉన్నాడు. కూతురి మొహం చూడకుండానే అడిగాడు.

"ఆడి సిన్నప్పుడు... ఆ ముల్లు నాను లాగకపోతే, ఆ కన్ను కూడా ఉండేదేటి?"

తెలీదనొచ్చు. దేవత తీసుకుందనొచ్చు. రోకలెత్తడానికి వెనకాడని మనిషి ఈ ఒక్క మాటకి వెనకాడింది.

"ఉండేది, అయ్యా" అంది.

గాసి కట్టు లేని చేతిని గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. వేళ్లు పగిలినా ఆగలేదు. సోని ఆ చేతిని రెండు చేతులతో గుండెలకి అదుముకుని, నర్సులు వచ్చేదాకా విడవలేదు.