పసుపు పూసిన పళ్లచక్రం

నా మొగుడు పోయాక నాకు మిగిలింది ఒక్క లారీ. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలంలో అమ్ముకున్న పాతబండి. మరిది నడిపేవాడు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో నాపబండలకు గిరాకీ బాగా ఉండేది. గని నుంచి ఎర్రగుంట్ల స్టేషనుకు బండలు తోలి బతికేవాళ్లం. దారిలో పెన్నేటి ఇసుక దాటాలి, అక్కడే మా ప్రాణానికి వచ్చేది. వెనక చక్రాల్లో ఒకటి ఇసుకలో గిరగిరా తిరిగేది, రెండోది కదలకుండా నిలబడేది. "ఇంగొక తూరి ఇరుక్కుంటే బండలు ఎద్దులబండ్లకే ఏస్తా" అని గని ఆసామి చెప్పేశాడు.

డోన్ నుంచి ఒక సాయిబు మేస్త్రీ వచ్చాడు. వెనక ఇరుసు నడుమ ఉండే పళ్లచక్రాల డిఫరెన్షియల్ తీసేసి, తాళం పడే కొత్తదాన్ని బిగిస్తే రెండు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయట. మా వాకిట్లోనే బిగిస్తానన్నాడు. "దుమ్ము రవ్వంత పోయినా పండ్లు అరిగిపోతాయి తల్లీ" అన్నాడు. తెల్లారినప్పటి నుంచి వాకిట్లో నీళ్లు చల్లుతూనే ఉన్నాను. చల్లింది చల్లినట్టే ఆరిపోయేది. మళ్లీ చల్లేదాన్ని. ఇరుసు విప్పాక మళ్లీ కూడుతుందో లేదో, కూడకపోతే ఏం తిని బతకాలి?

విప్పేముందు అత్త నన్ను లోపలికి పొమ్మంది. పని మొదలుపెట్టేటప్పుడు మొగుడు లేనిది ఎదురుగా ఉండకూడదు కదా. తలుపు చాటున కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. అంతలో మేస్త్రీ కేక.

"పెద్దమ్మా, ఏం జేసినావు! ఈ పండ్లచక్రాన్ని పెండ్లికూతుర్ని జేసినావే!"

"కొత్త సామానప్పా! పసుపు కుంకం పెట్టకుండా యాడన్నా ఎక్కిస్తారా?"

"గ్రీసంతా పసుపే. పండ్ల సందుల్లో అక్షింతలు గూడా ఉండాయి. తిరిగితే పిండి ఆడిస్తాది. మొత్తం కిరసనాయిల్లో కడగల్ల. నేనూ నీ కొడుకూ ఇరుసు కింద ఉండాం, ఎవురు కడుగుతారు?"

అత్తకు చూపు శానా తక్కువ, పండ్ల సందులు కనపడవు. తలుపువైపు తిరిగింది.

"ఏమే, సాటున నిలబడి సూస్తాండావు గదా, బయటికి రా."

"మొదులు పెట్టేటప్పుడు నేను రాగూడదంటివి గదత్తా?"

"మొదులు యాడ పెట్టినారు? నువ్వు కడిగినాంక గదా మొదులు. రా!"

బేసిన్లో కిరసనాయిలు పోసి, వేపపుల్లతో ఒక్కొక్క పన్ను సందూ గీకాను. చేతులు మండాయి. మేస్త్రీ ఎండకు ఎత్తి చూసి, "ఇంగా ఉండాది" అని వెనక్కి ఇచ్చాడు. మళ్లీ కడిగాను. ఈసారి పట్టుకుని ఇరుసు కిందికి దూరాడు. నేను లేవబోతే, "యాడికి పోతావు? మళ్లీ ఏమన్నా కడగమంటాడేమో, కూసో" అంది అత్త.

మరునాడు బండలెత్తుకుని ఏటికి పోతూంటే నేనూ లారీ ఎక్కాను. ఇసుకలో దిగాక మరిది మేస్త్రీ కొత్తగా పెట్టిన తాళం పిడి లాగాడు. కింద ఏదో టక్కుమంది. రెండు చక్రాలూ ఇసుకను కొరికాయి. అవతలి ఒడ్డెక్కేదాకా నేను తలుపు పట్టు వదల్లేదు.