మా గాజుల ఓడ పటం

మొన్న మా మనవరాలు ఆఫీసు నుంచి గొట్టంలా చుట్టిన క్యాలెండరు ఒకటి తెచ్చింది. వాళ్ల కంపెనీ సరుకులు ఓడల్లో పంపేవాళ్లు ఇచ్చారట. విప్పి చూపిస్తే నీలం సముద్రం మీద ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగాటి ఓడ. ముందుగదిలో మేకు ఖాళీగానే ఉందిగా అని అది స్టూలెక్కబోతే వద్దన్నాను. ఎందుకు నానమ్మా అని అడిగితే చెప్పడానికి నోరు రాక, గోడకు రంగులు వేయించాలని ఏదో నసిగాను. ఆ పిల్ల నన్నొక వింత వస్తువును చూసినట్టు చూసి, దాన్ని తన గదిలో తగిలించుకుంది. దానికి చెప్పలేనిది నా ఈడువాళ్లకు చెప్పుకోవచ్చు. ఇంటికొక పటం రావడమంటే మన రోజుల్లో ఎంత సంగతో మీకు తెలుసు. సంవత్సరం అయిపోగానే కింది కాగితాలు చింపేసి, బొమ్మకు అద్దం కట్టించి, ఇక దాన్ని తరతరాలకూ గోడకు అప్పగించేవాళ్లం.

నేను కోడలిగా వచ్చిన ఇల్లు హుస్సేనీ ఆలంలో, దుకాణం చార్మినార్ పక్క గాజుల బజారులో. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగవాళ్ల చేత గాజులు తొడిగించుకోరు కనుక, కాపురానికి వచ్చిన కొన్నాళ్లకే మామగారు దుకాణం లోపలి భాగానికి తెర కట్టించి నన్ను అక్కడ కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో మా బేరమంతా జపాన్ గాజులదే. ఉల్లిపొర లాంటి గాజు, లోపల బంగారు నీరు, చెయ్యి కదిపితే ఏడు రంగులు. పక్క దుకాణంలో లక్కగాజులు చేసే ముసలాయన కుంపటి ముందు దగ్గుకుంటూ, జపానోడొచ్చి నా కుంపటి ఆర్పుతున్నాడని మా మామగారి మీద రోజూ విసుక్కునేవాడు. ఆయన్ని ఇంటిల్లిపాదీ చాచా అనే పిలిచేవాళ్లం. అంత విసుక్కున్నా మధ్యాహ్నం చాయ్ మాత్రం ఇద్దరూ కలిసే తాగేవారు.

దుకాణంలో మామగారు కూర్చునే గద్దె వెనక గోడకు ఒక ఓడ పటం ఉండేది. బొంబాయి నుంచి సరుకు తెచ్చే ఏజెంటు ఇచ్చిన జపాన్ క్యాలెండరు బొమ్మ అది. నేను వచ్చేనాటికి ఉన్న బొమ్మలో ఓడకు ముందువైపు మెట్లు మెట్లుగా మూడు అంతస్తులుండేవి. పై అంతస్తులో గాజులు, నడిమి దాంట్లో పూసలు, కింద పట్టుబట్టలు పెట్టుకొస్తారని మామగారు వచ్చిన ప్రతివారికీ విప్పి చెప్పేవారు. మరి రెండు మూడేళ్లకు ఏజెంటు అదే ఓడ కొత్త బొమ్మ తెచ్చాడు. ఈసారి మెట్లు మాయమై, పైనంతా ఒకటే చదును, మా ఇంటి ముందు అరుగును సాగదీసి నీళ్ల మీద పెట్టినట్టుగా ఉంది. ఎడమ పక్కన అగ్గిపెట్టెంత గది. పొగగొట్టం ఆకాశం వైపు కాకుండా పక్కకు వంగి సముద్రంలోకి చూస్తోంది. బేరం పెరిగిందనీ, అందుకే మూడు అంతస్తులు చాలక పైకప్పంతా పెట్టెలు పేర్చడానికి చదును చేశారనీ, పొగమసి గాజులకు అంటకుండా గొట్టాన్ని వంచారనీ మామగారు తేల్చారు. ఆ చదును మీద ఈగలు వాలినట్టున్న చుక్కలు మా గాజుల పెట్టెలన్నమాట. ఎంత బుద్ధిమంతులో చూడండి అని తెర వెనక ఆడవాళ్లకు నేనూ చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలిపోతాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. దీపావళి నాడు దుకాణంలో లక్ష్మీపూజ చేసి గల్లాపెట్టెకు, గడపకు, గాజులు గుచ్చిపెట్టే మలారానికి పసుపూ కుంకుమా పెడతాం కదా, మా మామగారు అమ్మవారి పటం పక్కనే ఈ ఓడకూ బొట్టు పెట్టించేవారు. మనకు అన్నం మోసుకొచ్చేది అదే కదా అనేవారు. బొట్టు పెట్టడం కోడలి వంతు. ఆ అద్దం మీద, సరిగ్గా ఆ చుక్కల మీదుగా, కుంకుమ దిద్దింది ఈ చెయ్యే. ఏడాదికేడాది బొట్టు మీద బొట్టు పడి అక్కడ కుంకుమ గట్టిపడిపోయింది కూడా.

ఇంతలో జపాను యుద్ధంలోకి దిగింది. సరుకు ఆగిపోయింది. సాయంత్రాలు మావారు ఇరానీ హోటలు రేడియో దగ్గర నిలబడి విని వచ్చి, ఎక్కడో సముద్రం నడుమ నుంచి జపాను విమానాలు లేచి వెళ్లి అమెరికావాళ్ల రేవును తగలబెట్టాయట అని చెప్పేవారు. సముద్రం నడుమ నుంచి విమానాలెలా లేస్తాయని మా అత్తగారికి అనుమానం. ఆ అనుమానాన్ని తీర్చినవాడు చాచాయే. ఉర్దూ పత్రికలో వేసిన మసక బొమ్మ ఒకటి పట్టుకుని ఒక మధ్యాహ్నం మా దుకాణానికి వచ్చాడు. బొమ్మనూ గోడ మీది పటాన్నీ మార్చి మార్చి చూశాడు. ఎప్పుడూ గొంతు పెద్దది చేసే మనిషి, ఆ రోజు గద్దె అంచున కూర్చుని, ఏమీ అనుకోవద్దంటూ మెల్లగా మాట్లాడాడు.

“సేఠ్, బురా నక్కో మానో. గిది గాజులు తెచ్చే జహాజ్ కాదు. గీ ఈగల లెక్క ఉన్నయి సూడు, అవి పెట్టెలు కావు, హవాయి జహాజ్‌లు. గీ సాఫ్ జాగ మీదికెల్లే లేస్తయంట.”

మామగారు నవ్వేసి, నీకు మొదటి నుంచీ జపాన్ గాజులంటే పడదు కద భాయ్ అన్నారు. గాజులమ్ముకునే కంపెనీవాళ్లు తమ యుద్ధపు ఓడను క్యాలెండరు మీద వేసి మనకెందుకిస్తారన్నది ఆయన వాదన. చాచా పత్రికను మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తెర వెనక నుంచి నేను, చాచా విమానాలన్న ఆ చుక్కల వైపు చూశాను. ఒక్కో చుక్కకూ అటూ ఇటూ సన్నటి రెక్కలున్నాయి. ఇన్నేళ్లూ అవి రెక్కలుగా ఎందుకు కనపడలేదో నాకిప్పటికీ తెలియదు.

మా ఆడబిడ్డను ఇచ్చింది విశాఖపట్నం. మామగారి మేనత్త సంతానం ఎప్పుడో అటు వెళ్లి స్థిరపడ్డారు, వాళ్లబ్బాయే మా ఇంటి అల్లుడుగారు. అక్కడ హార్బరులో గుమాస్తా. జపానుకు భయపడి రంగూను నుంచి ఓడల నిండా జనం కట్టుబట్టలతో దిగుతున్నారనీ, ఊళ్లోవాళ్లు తలుపులకు తాళాలేసి వెళ్లిపోతున్నారనీ, మమ్మల్నిద్దరినీ కొన్నాళ్లు హైదరాబాదు రమ్మంటారా అనీ ఆయన కబురు చేశారు. వెంటనే రమ్మందామని అత్తగారు ప్రాణం పెట్టి అడిగింది. మామగారు మాత్రం గద్దె మీద కూర్చుని, వెనక గోడకు ఆనుకుని, మావారి చేత జవాబు రాయించారు.

“జపానోళ్లు మనకు బేరగాళ్లు, దుష్మన్లు కాదు. మన ఓడ మనల్నేం జేస్తది? కొలువు ఇడిసిపెట్టి రావద్దు, ఊకె ఫికర్ పడకుండ్రి.”

ఆ వేసవి మొదట్లోనే విశాఖపట్నం మీద, కాకినాడ మీద విమానాలొచ్చి బాంబులేశాయి. మావారు రేడియో దగ్గర విని, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరం ఏం తిన్నామో, ఎలా పడుకున్నామో గుర్తులేదు. చివరికి అటునుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకాయన, అమ్మాయి క్షేమమనీ, అల్లుడికి మాత్రం రేవులో ఇనుప ముక్క వచ్చి మోకాట్లో దిగిందనీ, ఆసుపత్రిలో ఉన్నాడనీ చెప్పాడు. అత్తగారు మామగారిని ఒక్క మాటా అనలేదు. మామగారు ఆ రోజు నుంచి గోడకు ఆనుకోవడం మానేసి ముందుకు వంగి కూర్చునేవారు, కానీ పటం తీయలేదు. తీస్తే నలుగురి ముందూ ఒప్పుకున్నట్టవుతుందనుకున్నారేమో.

కాలి గాయం మానాక ఇద్దరూ మా దగ్గరికే వస్తున్నారని తెలిసింది. అప్పుడు కదిలారు ఆయన. పటాన్ని మేకు నుంచి దించి, పాత చీర ముక్కలో చుట్టి, మా దంపతుల చేతిలో పెట్టారు. బొట్టు పెట్టిన వస్తువును చెత్తలో వేయలేం, పొయ్యిలో పెట్టలేం, పారే నీళ్లలో కలపాల్సిందే. మావారూ నేనూ పురానాపూల్ దగ్గర మూసీలోకి దిగాం. ఎండాకాలపు మూసీ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు, రాళ్ల సందుల్లో చీలమండ మునిగేంత నీళ్లు. దండం పెట్టి వదిలాం. చెక్క చట్రం కదా, మునగలేదు. ఒకసారి గిర్రున తిరిగి, కొంచెం దూరం పోయి, వెల్లకిలా ఒక రాతికి ఆనుకుని ఆగింది. మావారు దాని మీద బండరాయి పెట్టబోతే, కుంకుమ పెట్టిన దాని మీద రాయేమిటని నేనే ఆపాను. వానలొస్తే అదే పోతుందిలే అనుకుని వెనక్కి చూడకుండా వచ్చేశాం.

అల్లుడుగారు కర్ర ఊతంతో వచ్చారు. మోకాలు వంగదు కనుక గద్దె మీద కూర్చోలేరు, దుకాణంలో ఆయన కోసం ఎత్తు స్టూలు వేశాం. ఇంటి అల్లుడు వస్తే పట్టు పరుపు వేసి కూర్చోబెట్టాల్సిన మేము, వడ్రంగి స్టూలు మీద కూర్చోబెట్టాం. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే, మామగారితో మర్యాదగా మాట్లాడుతూ, గాజులు సైజులవారీగా సర్దుతూ ఉండేవారు. ఖాళీ మేకు సరిగ్గా ఆయన తల దగ్గరే. నన్ను అడిగితే ఆ మేకు కూడా పీకేయాల్సింది.

ఒక ఉదయం నేను తెర వెనక ఉన్నాను. మా ఇంటి బట్టలుతికే చాకలి భుజం మీద మూటతో వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. ఏటా దీపావళికి మిఠాయి తీసుకోవడానికి వచ్చే మనిషి, మా గోడ మీద ఏముంటుందో బాగా తెలిసినవాడు. మూట విప్పి, చెమ్మగా ఉన్న పటాన్ని బయటికి తీసి, ఎంతో మేలు చేసినవాడి ముఖంతో అన్నాడు.

“సేఠ్, మీ లచ్చిమి పటం మూసీల పడ్డది. ఎవడో దొంగ ఎత్తుకపోయి ఇసిరేసినట్టుంది. ఎవలన్న తొక్కుతరని పట్టుకొచ్చిన.”

అని, దగ్గరగా ఉన్నది అల్లుడుగారే కనుక ఆయన చేతికిచ్చాడు. మామగారు గద్దె మీద నుంచి లేవబోయేలోపే జరగాల్సింది జరిగిపోయింది. కుంకుమ ఉన్న పటం చేతికొస్తే మనవాళ్లెవరైనా ఏం చేస్తారు? అల్లుడుగారు కర్రను పక్కన పెట్టి, రెండు చేతులా దాన్ని ఎత్తి కళ్లకద్దుకున్నారు. ఆ తర్వాతే చూశారు.

చాలాసేపు చూశారు. హార్బరులో పనిచేసిన మనిషికి ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. తడిసిన కుంకుమ ఆయన కనురెప్పల మీద, ఒక కనుబొమ మీద అంటుకుంది.

“ఇదాండీ మావయ్యగారూ? మాకు విమానాలే కనపడ్డాయండి. ఓడ ఎలాగుంటాదో మేమెవరం చూడనేదు.”

ఆయన గొంతులో కోపం లేదు, అదే వచ్చింది చిక్కు. మామగారు గద్దె దిగి ఆ స్టూలు ముందు నిలబడ్డారు. ఆయన అల్లుడి ముందు తల వంచుకుని నిలబడడం అప్పుడే చూశాను.

“రావద్దని నేనే రాయిస్తిని అల్లుడా. దీన్ని సూసుకొనే రాయిస్తిని.”

అల్లుడుగారు తెలియకే కదండీ అన్నారు. పటాన్ని బోర్లించి ఒళ్లో పెట్టుకుని, గాజుల పెట్టె మళ్లీ దగ్గరికి లాక్కున్నారు. చాకలి తను చేసిన తప్పేమిటో తెలియక బిక్కముఖంతో నిలబడితే, చాచా వచ్చి అతన్ని చాయ్‌కి తీసుకుపోయాడు. కనురెప్పల మీది ఆ కుంకుమ సంగతి అల్లుడుగారికి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. సాయంత్రం ఇంటికెళ్లాక మా ఆడబిడ్డ కొంగు తడిపి తుడిచింది. తుడుస్తూ అదెక్కడిదని అడిగింది, ఆయన దుకాణంలో అంటిందన్నారు. కానీ ఇలాంటివి ఎంతకాలం దాగుతాయి? తెలిసిన రోజున మా ఆడబిడ్డ తండ్రికి అన్నం వడ్డించి, ఎప్పటిలా పక్కన కూర్చోకుండా లోపలికి వెళ్లిపోయింది. అల్లుడుగారు యుద్ధం అయ్యేదాకా మాతోనే ఉండి, ఒక్కనాడైనా ఆ ప్రస్తావన తేలేదు. తిట్టి ఉంటే మా మామగారు ఇంకొన్నేళ్లు బతికేవారని నాకనిపిస్తుంది.

ఆ ఏడు వానలు పడ్డాక మావారు పటాన్ని మళ్లీ మూసీకి తీసుకెళ్లి పురానాపూల్ మీద నుంచి వదిలారు. వరదలో కూడా తేలుతూనే పోయిందట. ఆ రోజుల్లోనే జపానువాళ్ల విమానాల ఓడలు నాలుగు ఒక్క పోరులో మునిగాయని రేడియోలో చెప్పారని, హోటల్లో జనం చప్పట్లు కొట్టారని మావారు సంతోషంగా చెప్పారు. మామగారు అందులో మనుషులెంతమంది ఉండేవారని అడిగారు.

ఎన్నో ఏళ్లకు మా అబ్బాయి ఒక పుస్తకం తెచ్చి చదివి వినిపించాడు. మా ఓడను మొదట పెద్ద ఫిరంగుల ఓడగా మొదలుపెట్టారట. అలాంటివి ఇన్నే ఉండాలని దేశాలు ఒప్పందం చేసుకున్నాక దాన్ని విమానాల ఓడగా మార్చారట. మూడు అంతస్తుల నుంచీ విమానాలు లేవాలని మెట్లు కట్టి, విమానాలు బరువెక్కి పరుగు చాలకపోయేసరికి అంతా ఒకే చదును చేశారట. పొగగొట్టం వంచింది దిగే విమానాలకు పొగ అడ్డం రాకుండా. ఆ పోరులో మునిగిన నాలుగింటిలో అదీ ఒకటట. విశాఖపట్నం మీదికి వచ్చినవి దాని మీద నుంచి కూడా కావట, అదే జాతి చిన్న ఓడ మీద నుంచట. మనది ఆ రోజుల్లో సింహళం దగ్గరుందమ్మా అని మావాడు నాకేదో ఊరట కలిగిస్తున్నట్టు చెప్పాడు. అప్పటికి మామగారు లేరు. ఉన్నా ఈ మాట ఆయనకు చెప్పి ఉండేదాన్ని కాను. మేము ఏ ఓడకు బొట్టు పెట్టామన్నది కాదు కదా సిగ్గు, ఏమిటో తెలుసుకోకుండా పెట్టి, దాన్ని నమ్మి, ఒక మనిషిని రావద్దన్నాం.

ఇప్పుడు ఆ దుకాణం లేదు, చాచా కుంపటీ లేదు. గాజులు ఎక్కడి నుంచి వస్తున్నాయో తొడుక్కునేవాళ్లూ అడగరు, తొడిగేవాళ్లూ చెప్పరు. వస్తువుకు దండం పెట్టే అలవాటే పోయింది కనుక, మాలాంటి పొరపాటు మా మనవరాలు చేయదు. దానికి సంతోషించాలో, బాధపడాలో నాకు తెలియదు. నేను మాత్రం గుళ్లోనైనా సరే, ఎవరైనా కుంకుమ పెట్టిన పటం చేతికిస్తే ముందు కళ్లజోడు వెతుక్కుంటాను. నా వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. అయినా అదేమిటో చూశాకే కళ్లకద్దుకుంటాను.