ఒకే పలక మీది రొట్టెలు

సర్వే కాగితాలు పంచుతున్నప్పుడు మహ్జూబా తనకు ఏడో వరస కావాలని అడిగింది. అడగడం ఆమె అలవాటు కాదు. బస్తీవాళ్ళకు పక్కా ఇళ్ళు ఇచ్చేందుకు లెక్కలు రాసే సంఘంలో చేరిన తొమ్మిదేళ్ళలో ఏ బస్తీకి వెళ్ళమంటే ఆ బస్తీకి వెళ్ళింది, ఏ వరస ఇస్తే ఆ వరస తిరిగింది. అందుకే సంఘం పనులు చూసే సుకైనా కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది.

“ఏడో వరసలో ఏముంది పిన్నీ, బంగారం పాతిపెట్టావా?”

“కొళాయికి దగ్గర. నా మోకాళ్ళ సంగతి నీకేం తెలుసు, నీ వయసుకి?”

మోకాళ్ళ నొప్పి నిజమే, కారణం అది కాదు. ఏడో వరసలో ఇజ్జా ఉంటోందని మూడు వారాల కిందట పుదీనా కట్టలు అమ్మే ముసలామె చెప్పింది. మహ్జూబా ఇజ్జా కోసం పదకొండేళ్ళుగా వెతుకుతోంది. ఈసారి ఇళ్ళ జాబితాలో ఆమె పేరు తన చేత్తో రాయాలి. అంతే ఆమెకు కావలసింది.

మహ్జూబా పంతొమ్మిదేళ్ళప్పుడు పెళ్ళయి, దుక్కాలా మైదానం నుంచి కాసాబ్లాంకాలోని కరియాన్‌కు కాపురానికి వచ్చింది. కరియాన్ అంటే ఒకప్పటి రాళ్ళ గని పక్కన లేచిన రేకుల బస్తీ. భర్త లర్బీ కంచరగాడిద బండి తోలేవాడు. ఆమె చేపల కర్మాగారంలో సార్డీన్ల తలలు కోసేది. పక్క గుడిసె ఇజ్జాది. సూస్ కొండల మనిషి, అరబ్బీ ఆమె ఇంటి భాష కాదు, అందులో మాటల కంటే తిట్లు ముందు నేర్చుకుంది. మొదటి వానాకాలంలో ఇజ్జా కప్పు మీది నీళ్ళు మహ్జూబా పరుపు మీద పడ్డాయి. ఇద్దరూ వీధి వినేలా పోట్లాడుకున్నారు. మర్నాడు లర్బీ, ఇజ్జా భర్త కలిసి రేకు సరిచేశారు. ఆ పనిలో మధ్య గోడకు ఒక కంత పడింది. దాన్ని ఎవరూ పూడ్చలేదు. ఉప్పు, అగ్గిపెట్టె, చంటిపిల్ల, అన్నీ ఆ కంతలోంచే అటూ ఇటూ తిరిగేవి.

మూడేళ్ళకు ఇజ్జా భర్త కట్టుబడి పనిలో మంచె మీద నుంచి పడి చనిపోయాడు. నలభయ్యో రోజు దాటాక ఇజ్జా పిండి కలపడానికి కూర్చుంటే మహ్జూబా ఆ పళ్ళెం లాక్కుంది.

“నీకూ, పసిదానికీ కలిపి ఒక రొట్టె. దానికో పిండి, దానికో పలకా? ఇలా ఇయ్యి.”

ఆ రోజు నుంచి రెండు గుడిసెల రొట్టెలూ ఒకే చెక్క పలక మీద బస్తీ ఫర్రాన్‌కు, అంటే అందరి రొట్టెలూ కాల్చిపెట్టే బట్టీకి, వెళ్ళేవి. ఇజ్జా తన రొట్టె మీద మూడు వేళ్ళతో పొడిచేది, మహ్జూబా పొడిచేది కాదు. తేడా అంతే. బట్టీ నడిపే బా అల్లాల్‌కు ఎవరి పలక ఏదో మొహం చూడకుండానే తెలుసు. “మీ పోట్లాటల మాట ఎలా ఉన్నా, మీ రొట్టెలు మాత్రం చక్కగా కాపురం చేస్తున్నాయి లల్లా” అని, అమ్మగారూ అన్నంత మర్యాదగా పిలిచి నవ్వేవాడు.

పదహారేళ్ళు అలా గడిచాక బస్తీ తీసేసి పక్కా ఇళ్ళు ఇస్తామన్నారు. ఇంటికొక ఫ్లాటు. జనం రాత్రికి రాత్రి గుడ్డ పరదా కట్టి ఒక ఇంటిని రెండు చేయడం మొదలుపెట్టారు. దానికి లెక్కల వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకే కుంపటి మీద తినేవాళ్ళు ఒకే ఇల్లు. అనుమానం ఉంటే ఫర్రాన్‌కు పోయి, ఎన్ని పలకలు వస్తున్నాయో అడుగు.

కాగితాల మనిషి మహ్జూబా గడప ముందు నిలబడ్డాడు. ఇజ్జా పక్కనే ఉంది.

“మీ ఇద్దరివీ వేరు కుంపట్లేనా?”

మహ్జూబాకు రోషం వచ్చింది. “నా గడపలో నిలబడి ఆ మాట అనకు నాయనా. వేరు కుంపటి పెట్టుకునే రకం కాదు మేం. పోయి ఫర్రాన్‌లో అడుగు, ఎన్ని పలకలో.”

అతను వెళ్ళి అడిగాడు. బా అల్లాల్ గర్వంగా చెప్పాడు: ఒకటే పలక, పదహారేళ్ళుగా. ఇజ్జా కూడా అవునంటూ తలూపి నవ్వింది. అతను ‘ఒకటి’ అని రాసుకుని వెళ్ళాడు.

ఏడు నెలలకు జాబితా గోడ మీద అంటించారు. లర్బీ పేరుంది. ఇజ్జా పేరు లేదు. మహ్జూబా ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగింది. “మీరే చెప్పారు కదమ్మా” అన్నారు నాలుగుసార్లూ. అందులో అబద్ధం ఏమీ లేదు.

“మాతో వచ్చెయ్యి” అంది మహ్జూబా.

“నీ ముగ్గురు పిల్లలతో కలిపి రెండు గదుల్లో ఏడుగురమా? నీ మొగుడెక్కడ పడుకుంటాడే, మెట్ల మీదా?” అంది ఇజ్జా.

గుడిసెలు కూల్చిన రోజు ఆమె పదిహేడేళ్ళ కూతుర్ని తీసుకుని కూరగాయల బండెక్కి తమ్ముడి ఊరికి వెళ్ళిపోయింది. పోట్లాట లేదు. పోట్లాడి ఉంటే బాగుండేదని మహ్జూబా చాలాసార్లు అనుకుంది. మరుసటి ఏడాది వెతుక్కుంటూ వెళితే, అక్కడి నుంచీ వెళ్ళిపోయిందన్నారు. ఫ్లాటులో గోడలు గట్టివి. పక్కింటివాళ్ళ దగ్గు కూడా వినపడదు. పాత పలక తలుపు వెనక నిలబెట్టి ఉంది. గ్యాసు పొయ్యి వచ్చాక దానితో పనిలేదు, అయినా శుక్రవారం శుక్రవారం తుడుస్తుంది.

సర్వే రోజున, ఏడో వరసలో పదకొండో తలుపు. ముక్కుకు తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుని బొగ్గు రాజేస్తున్న ఆవిడ తలెత్తింది.

“లావయ్యావు” అంది ఇజ్జా.

“నువ్వు ఎండిపోయావు.”

“ఫ్లాటు తిండి కదా, ఒంటికి పడుతుంది.” ఆ మాట వదిలేశాక ఇజ్జాయే సర్దుకుంది. “లోపలికి రా. లర్బీ ఎలా ఉన్నాడు? ఇంకా గురకేనా?”

“నాలుగో అంతస్తులో ఇంకా బాగా వినపడుతుంది.”

ఇద్దరూ నవ్వారు. మహ్జూబా పిల్ల సంగతి అడిగింది. కూతురు ఫద్మా పెళ్ళయి అగాదిర్‌లో ఉందట. మహ్జూబా కాగితం మోకాలి మీద పెట్టుకుంది. పేరు రాసింది. అక్షరాలు రెండుసార్లు దిద్దింది. తర్వాతి ప్రశ్న తనే అడగాలి.

“కుంపటి...” అని ఆగిపోయింది.

ఇజ్జా మూల వైపు వేలు చూపించింది. తువ్వాలు కప్పిన చిన్న పలక. దాని మీద ఒకటే రొట్టె, మీద మూడు వేళ్ళ గుర్తు.

అంతలో పక్క గుడిసె నుంచి కేక వచ్చింది. “ఇజ్జక్కా, నా పలక వెళ్తోంది. నీదీ దీని మీదే పెట్టెయ్యనా?”

“వద్దు!” అంది ఇజ్జా గట్టిగా.

పక్కింటామె తలుపులోంచి తొంగిచూసి మహ్జూబాతో చెప్పింది. “నాలుగేళ్ళ నుంచి అడుగుతున్నా లల్లా. ఒక్క రోజు కలపలేదు. పిసినారిదని అనుకుంటాం మేం.”

“అనుకోండి” అంది ఇజ్జా.

మహ్జూబా ‘వేరు’ అని రాసింది. కింద ‘ఒక మనిషి, ఒక పలక’ అని కూడా రాసింది. ఆ గడిలో అంత రాయక్కర్లేదు. కొత్త ఇళ్ళు ఎక్కడని ఇజ్జా అడిగింది. ఊరికి దక్షిణాన. మహ్జూబా ఫ్లాటు నుంచి రెండు బస్సులు మారాలి.

“మన పాత పలక నా దగ్గరే ఉంది. సాయంత్రం తెస్తాను, పిండి కలుపుకుందాం” అంది మహ్జూబా.

ఇజ్జా కుంపట్లో బొగ్గులు కదిపింది.

“తేకు. మళ్ళీ తనిఖీకి వస్తారు. జాబితా గోడెక్కి, తాళం నా చేతిలో పడేదాకా ఆ పలక ఈ గడప తొక్కకూడదు.”

“ఏడాది పడుతుందే.”

“పదకొండేళ్ళు పట్టలేదూ?”

ఇంకా ముప్ఫై తలుపులున్నాయి. బయట సుకైనా పిలుస్తోంది. ఇజ్జా తన చిన్న పలక ఎత్తి నెత్తిన పెట్టుకుని ఫర్రాన్ వైపు నడిచింది. పక్కింటామె తన పలకతో వెనకే నడిచింది. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం. మలుపు తిరిగేదాకా చూసి, మహ్జూబా పన్నెండో తలుపు తట్టింది.