షెజీ గారి మర్యాద, కొండమీది బస్సు

దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర, కొండమీద డబ్బున్నవాళ్ల కాలనీకి మేనేజరు షెజీ. ఆయన మర్యాదకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. పొద్దున్నే కొండ కింద గేటు దగ్గర నిలబడి, ఇళ్లల్లో పనికొచ్చే ఆడవాళ్లందరినీ వంశనామంతో పలకరించేవాడు. అంత గౌరవంగా వంశనామంతో పిలిచాక కూడా కోపం తగ్గలేదంటే జులూవాళ్లు ఆ మనిషి పెంపకాన్నే అనుమానిస్తారు.

ఆ పనివాళ్లలో పెద్దావిడ బజబులిలే కోపం ఏళ్ల తరబడి అలాగే తగ్గుతూ వస్తోంది. కాలనీ బస్సు సగం ఖాళీగా కొండెక్కుతుంది, అది ఇళ్లవాళ్లకే. పనివాళ్లు నడవాలి. ఈ చలికాలం నుంచి ఆమె మోకాలు మొరాయిస్తోంది. ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటానని ఇంటావిడ చెప్పింది. అదీ 'దయచేసి' చేర్చి, మెత్తగా.

ఆ సోమవారం వాన.

"మ్వెలాసె, మోకాలెలా ఉందమ్మా?" అంటూ ఆమెని వంశనామంతో పలకరించి, షెజీ రెండు చేతులతో గొడుగు అందించాడు.

"గొడుగు మోకాలికి కట్టుకోనా నాయనా? బస్సెక్కనీ."

"నా చేతుల్లో ఉంటే కాదంటానా? మీరు నాకు అమ్మలాంటివారు."

బజబులిలే మెత్తబడింది. థాంక్స్ కూడా నోటిదాకా వచ్చేసింది. వెనక నుంచి, తనలాగే పనికెళ్లే, ఏడో నెల కడుపుతో ఉన్న హ్లెంగివే గొణిగింది. "అమ్మట. అమ్మని సాగనంపేవాడు నాలుగడుగులు తోడు నడవడూ?"

ఆ మాట అందరికీ వినబడింది. జులూవాళ్లలో, వెళ్లే పెద్దవాళ్లకి దారిలో కొంతదూరం తోడు నడవకపోతే ఆ ఇంటికే తలవంపులు.

"నిజమేగా," అంది బజబులిలే. "పద కొడుకా, సాగనంపు."

కాదంటే ఇన్నేళ్ల మర్యాద గంగలో కలుస్తుంది. షెజీ కొత్త బూట్లతో బయల్దేరాడు.

మొదటి మలుపులో, "ఇక సెలవు తీసుకుంటానమ్మా" అన్నాడు.

"నేనింకా చేరలేదుగా. మీ ఆవిడ కులాసానా?"

రెండో మలుపులో కాలనీ బస్సు ఆయన ప్యాంటు మీద బురద చిమ్మి, సారుని గుర్తుపట్టి ఆగింది. షెజీ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. "రండి మ్వెలాసె. పెద్దవారు. రేపట్నుంచి మీ ఒక్కరికీ డ్రైవరుతో చెప్తాను."

మోకాలు అప్పుడే ఒప్పేసుకుంది. చెయ్యి కూడా కమ్మీ మీదికి పోయింది. వెనక హ్లెంగివే ఆయాసం వినబడి బజబులిలే ఆగింది.

"నాదొక్కటేనా మోకాలు?" అంది చెయ్యి తీసేసి. "మర్యాద కడుపునిండా పెట్టావు నాయనా, చాలు. ఇప్పుడు బస్సు కావాలి. అందరికీ. రూలుగా."

"ఇళ్లవాళ్ల కమిటీ ఒప్పుకోదమ్మా."

"అయితే దిగు. ఒప్పుకునేదాకా రోజూ సాగనంపుదువుగాని."

డ్రైవరు అద్దంలోకి చూస్తూ మీసాల్లో నవ్వుకున్నాడు. షెజీ దిగాడు.

ఆ వారమంతా నడిచాడు. ఆడవాళ్లు ఆయన పెళ్లాం పిల్లల కులాసా, ఆవుల కులాసా అడిగీ అడిగీ అలసిపోయారు. శుక్రవారం బొబ్బలెక్కిన కాళ్లతో, బురద ప్యాంటుతో కమిటీ ముందుకెళ్లి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు పెంచాడట. "ఆ కొండ ఒక్కసారి మీరెక్కి చూడండి" అన్నాడట. ఎవరూ లేవలేదు కానీ, రూలు మాత్రం మారింది. గేటుకి కొత్త బోర్డు పడింది: కొండెక్కేవాళ్లందరికీ బస్సు.

సోమవారం బజబులిలే కిటికీ పక్కన కూర్చుంది. హ్లెంగివే రెండు సీట్లు ఆక్రమించింది. కుక్కని ఒళ్లో పెట్టుకున్న ఒక ఇంటాయన వాళ్లకోసం సర్దుకున్నాడు. బస్సు ఎంత తొందరగా చేరిందంటే, ఇంటావిడ ఇంకా తలుపే తీయలేదు.

"దిగవా పెద్దమ్మా?" అన్నాడు డ్రైవరు.

"ఇంకో చుట్టు తిప్పవయ్యా," అంది ఆమె, కాళ్లు బారజాపుకుని.