ప్రశ్నకు పడ్డ సున్నా

ఆరేళ్ల ప్రేమ్‌సింగ్‌కు బడిలో మాస్టారు ఒక తల్లి బొమ్మ చూపించి "గిదెవరు?" అన్నాడు. పిల్లవాడు "యాడి" అన్నాడు. లంబాడీలో యాడి అంటే అమ్మ. మాస్టారుకు మాత్రం "యాడిది?" అని వినిపించింది. "నేనడిగితె నన్నే అడుగుతున్నవురా?" అని పలక మీద సున్నా చుట్టి, మొద్దు అని తేల్చి, రెండేళ్లు ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టాడు.

ఆ మొద్దే ఇప్పుడు మానుకోట పక్క తండాలో సర్కారు బడి సారు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. పిల్లలకు మార్కులు వేయడు, ప్రశ్నలకు వేస్తాడు. ఎవరి ప్రశ్నకైనా, ఎక్కడైనా.

బస్సులో కండక్టర్ "ఎక్కడికి?" అంటే చాలు. "పదికి నాలుగు. 'ఏడ దిగుతవన్నా' అంటే తొమ్మిదేస్తుంటి."

"టికెట్ తీస్కో సారూ, ఎనుక మంది ఉన్నరు."

"గిది ప్రశ్న కాదు. మార్కుల్లెవ్."

దవాఖానలో డాక్టరమ్మ "ఏమైంది?" అంటే, "తెలిస్తె నీ దాంక ఎందుకొస్త బిడ్డా? రెండు" అన్నాడు. ఇంట్లో భార్య లచ్చక్క "తింటవా?" అంటే మాత్రం పదికి పది. "ఇంకింత ఎయ్యాల్నా?" అంటే పన్నెండు. "జిల్లా మొత్తంల నేనొక్కదాన్నే పాసైన" అంటుంది ఆమె.

పోయిన జూలైలో పిల్లల తెలివి కొలిచే సర్వే కోసం సాగర్ అనే యువకుడు ఫోను పట్టుకొని బడికి వచ్చాడు. పాత పుస్తకాలేమైనా దొరుకుతాయేమోనని వెళ్లిన నేనూ అక్కడే ఉన్నాను. ఆరేళ్ల లతకు రొట్టె బొమ్మ చూపించి "గిదేంది?" అన్నాడు. "బాటి" అంది లత. లంబాడీలో రొట్టెను అదే అంటారు.

"రొట్టెను పట్టుకొని బాట అంటున్నది సార్. ఈ పిల్లను మళ్ల అంగన్‌వాడీకి పంపాలె" అంటూ వేలు ఫోను మీదికి తీసుకెళ్లాడు. అక్కడున్న చెల్లెలి పక్కన కూర్చోవాలనేసరికి లత ముఖం చిన్నబోయింది.

నేను గొడవకు లేచాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. సారు నింపాదిగా, "జర ఆగు తమ్మీ" అని నన్ను ఆపి, సాగర్‌తో "నువ్వడిగినవు గద, ఇప్పుడామె అడుగుతది" అన్నాడు.

లత అదే బొమ్మ సాగర్‌కు చూపించి, "ఈ కాయి?" అంది.

"కాయ కాదమ్మా, రొట్టె."

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పాప లంబాడీలో అడిగింది "ఇదేంది?" అని.

సంగతి తెలిసి సాగర్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితె నాకు సున్ననా సార్?"

"నీకెందుకేస్త? ప్రశ్నకేస్త."

సారు తన నోట్‌బుక్ తెరిచాడు. పిల్లల పేర్ల పక్కన ఎక్కడా సున్నా లేదు. సున్నాలన్నీ ప్రశ్నల పక్కనే ఉన్నాయి. ప్రతి సున్నా కింద అదే ప్రశ్న లంబాడీలో తిరగరాసి ఉంది.

సాగర్ ఆ పేజీ చూసి చదువుతూ, తడబడుతూ, లతను మళ్లీ అడిగాడు. పన్నెండు బొమ్మలకు పదకొండు చెప్పింది. ఒకటో తరగతిలోనే ఉండిపోయింది.

మొన్న మానుకోట బస్టాండులో సారు కలిస్తే, సాగర్ మళ్లీ వచ్చాడా అని అడిగాను.

"ప్రతి శనివారం వస్తుండు. లతనే మా బాస నేర్పుతది. తెలివికేం తక్కువ లేదు తమ్మీ. ఇంట్ల మాట్లాడేటోళ్లు లేక పాపం, జర ఎనుకబడ్డడు."